కటకటాలు దాటుతున్నవాడికి మంచం

చి. ల. సౌ. బిడ్డకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కారు ఆకారంలో ఉన్న ఎర్ర మంచం ముచ్చటగానే ఉంది. ఒకదాని మీద ఒకటి ఉండే రెండంతస్తుల మంచం కూడా బాగుంది, అది కొంటే పుట్టబోయే బిడ్డకూ పనికొస్తుందని నీ లెక్క. కింద సామాను పెట్టుకునే అర ఉన్న పెద్ద డబుల్ కాట్ అల్లుడికి నచ్చిందన్నావు. బుజ్జిగాడికి ఈ మూడింట్లో ఏది కొనమంటావని అడిగావు. నన్నడిగితే మూడూ వద్దు. ఫోనులో చెబితే సగం మాటలు వాడి అల్లరిలో కొట్టుకుపోతాయని రాస్తున్నాను.

ముందు తొందర ఎంత ఉందో చూసుకుందాం. వాడు క్రిబ్ (చుట్టూ కటకటాలుండే పసిపిల్లల మంచం) అంచు మీదికి కాలు వేస్తున్నాడంటే ఇక వాయిదా లేదు. అక్కడి నుంచి జారితే మూడడుగుల ఎత్తు నుంచి పడతాడు, అదీ తల ముందుగా. ఎక్కే అలవాటు లేని పిల్లలకైతే మూడేళ్లు నిండేదాకా ఆగినా నష్టం లేదు. ఎత్తు 35 అంగుళాలకు, అంటే దాదాపు 90 సెంటీమీటర్లకు చేరితే మాత్రం ఎక్కినా ఎక్కకపోయినా క్రిబ్ కాలం అయిపోయినట్టే. గోడకు ఆనించి నిలబెట్టి, పెన్సిలుతో గీత గీసి కొలువు. కొత్త మంచం వచ్చేలోగా క్రిబ్‌లో పరుపును అన్నిటికంటే కిందికి దించు. పెద్ద బొమ్మలూ దిండ్లూ అందులోంచి తీసెయ్యి, వాడు వాటినే మెట్లుగా వాడుకుంటాడు.

నీ కాన్పు సంక్రాంతి తరువాత కాబట్టి ఈ మార్పు దసరాకల్లా అయిపోవాలి. చెల్లెలో తమ్ముడో ఇంటికి వచ్చిన వారంలోనే వాడి చోటు తీసి ఇంకొకరికి ఇస్తే, ఆ కోపం పసిబిడ్డ మీదికి పోతుంది. మూడు నెలల ముందే కొత్త మంచం అలవాటైతే క్రిబ్ సంగతి వాడే మరిచిపోతాడు. పాలు మాన్పించడం, బడికి పంపడం, మంచం మార్చడం మూడూ ఒకే నెలలో పెట్టుకోకు.

ఆ క్రిబ్‌ను రెండో బిడ్డకు వాడే ముందు ప్రతి మరనూ బిగించి చూడు. కటకటాల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. కూల్‌డ్రింక్ డబ్బా అందులోంచి దూరిపోతే ఆ సందు ఎక్కువున్నట్టు. నీకు దాన్ని ఇచ్చినవాళ్లు అమెరికా నుంచి తెచ్చామన్నారు కదా, ఒక పక్క పైకీ కిందికీ జారే రకమేమో చూడు. ఆ రకంలో పిల్లలు ఇరుక్కుని ప్రాణాలు పోయాక అక్కడ 2011లో వాటి అమ్మకాన్నే ఆపేశారు. అలాంటిదైతే దాని మీద మమకారం పెట్టుకోకు, విప్పి పారేయించు.

ఇక మంచం సంగతి. నేను కలప అడితిలో కూర్చున్నంత కాలం మంచం చేయించుకోవడానికి వచ్చినవాళ్లందరూ మొదట ఏ కట్టె మంచిదనే అడిగేవారు. పెద్దవాళ్ల మంచానికి ఆ ప్రశ్న సరే. చిన్నపిల్లల మంచానికి మొదట అడగాల్సింది ఎత్తు, ఆ తరువాత సందులు. కట్టె గురించి ఆఖరున మాట్లాడుకోవచ్చు.

మామూలు మంచం మీద పరుపు వేస్తే నేల నుంచి రెండడుగుల దాకా లేస్తుంది. రెండేళ్ల పిల్లవాడి ఎత్తు ఇంచుమించు 34 అంగుళాలు, అంటే ఆ పరుపు వాడి ఛాతీ దాకా వస్తుందన్నమాట. ఎక్కాలంటే మనం ఎత్తి పడుకోబెట్టాలి, దిగాలంటే వాడు దూకాలి. నిద్ర కళ్లతో, చీకట్లో, రోజూ. అందుకే పరుపుతో సహా పన్నెండు అంగుళాలు దాటకుండా చేయించు, పదికి తగ్గితే ఇంకా మంచిది. కూర్చుని పాదాలు నేలకు ఆనించి దిగగలిగితే వాడే ఎక్కుతాడు, వాడే దిగుతాడు. పడినా ఏడ్చి ఊరుకుంటాడు. అల్లుడు మెచ్చిన డబుల్ కాట్ ఇక్కడే పోతుంది. పైగా దాని పలక పైకి లేచే రకం, లేచిన పలక కింద చిన్న చేతులు పడే ప్రమాదం వేరే.

రెండంతస్తుల మంచం గురించి ఎక్కువ మాట్లాడేది లేదు. ఆరేళ్లు నిండని పిల్లలను పై మంచం మీద పడుకోబెట్టకూడదు. ఆరు నిండాక కూడా మన ఇళ్లలో పైన ఫ్యాను తిరుగుతుంటుంది. పై మంచం మీద పిల్లవాడు నిలబడి చెయ్యెత్తితే రెక్కలు ఎక్కడుంటాయో మీ గదిలో నిలబడి ఒక్కసారి ఊహించుకో. కారు మంచం మరో రకం తంటా. దాని కొలత దానిదే కాబట్టి పరుపు మార్చాలంటే మళ్లీ ఆ దుకాణానికే పోవాలి. ఈ ఏడు కారు ముద్దు, రెండేళ్లు పోతే ఏనుగో విమానమో ముద్దు. క్రిబ్ పరుపే సరిపోయేలా చేసే బుల్లి మంచాలు కూడా ఉన్నాయి, 52 అంగుళాల పొడవు, 28 వెడల్పు. అవి ఐదేళ్లకే చాలకుండా పోతాయి, డబ్బు దండగ.

నేను చెప్పేది ఆరు బై మూడు మంచం, కోళ్లు, అంటే మంచం కాళ్లు, మాత్రం పొట్టివి. కోళ్లను పట్టెలకు (మంచం చట్రం కట్టెలకు) బోల్టులతో బిగించమని వడ్రంగికి ముందే చెప్పు. ఏడో ఎనిమిదో ఏట పొట్టి కోళ్లు విప్పి, పొడుగువి బిగిస్తే అదే మంచం ఇంటర్ చదివేదాకా వస్తుంది. ఇంకో లాభం, మీ అత్తమ్మ పక్కన ఒరిగి కథ చెప్పడానికి చోటుంటుంది. వాడు ఎలాగూ ఒంటరిగా నిద్రపోడు కదా, ఆమెను నేల మీద కూర్చోబెట్టి కథ చెప్పిస్తావా? పెద్దవాళ్లు కూడా ఒరుగుతారు కాబట్టి కింద బద్దలు గట్టిగా ఉండాలి. పూర్తి పలక వెయ్యనివ్వకు. బద్దల మధ్య రెండంగుళాలు వదిలితే కింది నుంచి గాలి ఆడుతుంది, పక్క తడిపినా పరుపు తొందరగా ఆరుతుంది.

నేల మీద పరుపు వేస్తే చాలదా అని అల్లుడు అడిగాడన్నావు. ఒకటి రెండు నెలలకు నిక్షేపంగా చాలుతుంది, నిజానికి మొదటి వారం అలాగే మొదలుపెట్టు. కానీ వానాకాలంలో నేల చెమ్మకు పరుపు అడుగున బూజు పడుతుంది, రోజూ ఎత్తి నిలబెట్టే ఓపిక ఈ నెలల్లో నీకు ఉండదు. చీమలూ జెర్రులూ సరేసరి.

పరుపు ముందు కొను, మంచం తరువాత చేయించు. ఇది మాత్రం తలకిందులు చెయ్యకు. దుకాణాల్లో పొడవు 72 అంగుళాలవీ, 75వీ, 78వీ దొరుకుతాయి. మంచం ఒక కొలత, పరుపు ఒక కొలత అయితే తల దగ్గరో కాళ్ల దగ్గరో సందు పడుతుంది. పరుపుకూ పట్టెకూ మధ్య రెండు వేళ్లు దూరకూడదు. పిల్లలు పడి దెబ్బ తగిలించుకోవడం కన్నా ఇలాంటి సందుల్లో తల ఇరుక్కోవడమే నాకు ఎక్కువ భయం. మంచాన్ని గోడకు ఆనిస్తే పూర్తిగా ఆనించు, లేకపోతే ఒక అడుగు ఎడంగా పెట్టు. నాలుగంగుళాలు, ఆరంగుళాలు వదలడమే అన్నిటికంటే చెడ్డ పని. పక్కకు తగిలించే బట్ట అడ్డు కూడా అంతే, దాన్ని రెండేళ్ల లోపు పిల్లలకు వాడనేకూడదు. దాని బదులు పట్టెలోనే తల వైపు సగం దాకా ఒక కట్టె అడ్డు పెట్టించు, పరుపు పైన కనీసం ఐదు అంగుళాలు లేచేలా. కాళ్ల వైపు సగం తెరిచి ఉంచు. చుట్టూ మూసేస్తే మళ్లీ కటకటాలే, మళ్లీ దూకుడే. అడ్డులో బద్దలు పెడితే వాటి మధ్య సందు మూడున్నర అంగుళాలు దాటనివ్వకు.

పరుపు నాలుగు అంగుళాల మందం చాలు, గట్టిది కావాలి. కొబ్బరి పీచు పరుపు సరిపోతుంది. ఒత్తితే వేళ్ల గుర్తు పడే మెమరీ ఫోమ్ అమ్మేవాడు ఎంత పొగిడినా వద్దు. మే నెలలో మన ఎండలకు అది వేడిని పట్టి ఉంచుతుంది, వాడు రాత్రంతా చెమటలో పొర్లుతాడు. ఏనుమాముల మార్కెట్‌కు బళ్ల కొద్దీ పత్తి వచ్చే ఊళ్లో ఉండి నేను దూది పరుపు మాట ఎత్తకపోతే తప్పు. దూది ఏకించి గట్టిగా కుట్టించిన పరుపు చల్లగా ఉంటుంది, ఎండలో వేసుకోవచ్చు, ఉండలు కడితే మళ్లీ ఏకించవచ్చు. కానీ ఒకసారి తడిస్తే ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. దూదిదైతే పైన రబ్బరు షీటు తప్పదు, దాని మీద నూలు దుప్పటి. బూరుగు దూది దిండుకే, పరుపుకు వద్దు, మెత్తగా కుంగిపోతుంది. పక్క తడిపితే కోప్పడకండి. ఐదేళ్ల దాకా అది రోగం కాదు.

కట్టె విషయానికి వస్తే, టేకే కావాలని పట్టుబట్టకు. ఆదిలాబాద్, మంచిర్యాల అడవుల టేకు గొప్పదే, నేను దాని మీదే బతికాను. కానీ ఎవరో తక్కువ ధరకు ఇస్తామంటే రసీదు అడుగు, రసీదు లేని టేకు ఇంట్లోకి తెచ్చుకోకు. కూల్చిన పాత ఇళ్ల దర్వాజాలు, దూలాలు దొరికితే వాటిని కోయించుకోవడం అన్నిటికంటే మేలు, అప్పటికే ఎండి ఉంటాయి కాబట్టి వంకర పోవు. వేప కూడా మంచిదే, బాగా ఆరితేనే. పచ్చి కట్టెతో చేసిన మంచం ఏప్రిల్ వచ్చేసరికి అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది. ప్లైవుడ్ అయితే దాని మీద ముద్ర చూడు: ఐఎస్ 710 అని ఉంటే నీటికి తట్టుకునేది, ఐఎస్ 303 మామూలుది. పొట్టు అదిమి చేసిన పలకల మంచాలు చూడటానికి నున్నగా ఉంటాయి, తడి తగిలితే ఉబ్బుతాయి, మరలు పట్టు వదులుతాయి. ఇనుప మంచానికి కూడా నాకు అభ్యంతరం లేదు, వెల్డింగ్ చేసిన చోట్ల చెయ్యి పెట్టి తడిమితే గీసుకోకూడదు. ఏదైనా మూలలు గుండ్రంగా అరగదీయించు. రంగు వేయిస్తే డబ్బా మీద సీసం పరిమితి చూడు. మన దేశంలో 2017 నుంచి పదిలక్షల వంతుల్లో 90 వంతులు మించకూడదని నియమం. వాడు ఆ అడ్డును కొరకకుండా ఉండడు. పాలిష్ అయినా రంగు అయినా వేశాక రెండు వారాలు కిటికీలు తెరిచి ఆరనిచ్చి, వాసన పోయాకే పడుకోబెట్టు.

మంచం కన్నా గది ముఖ్యం, ఈ మాట అల్లుడికి చదివి వినిపించు. ఇప్పటిదాకా రాత్రిపూట కటకటాలు వాడిని కాపాడాయి, ఇక నుంచి గది గోడలే కాపాడాలి. వాడి ఎత్తుకు వంగి గది చూడండి. మంచం కిటికీ కింద వెయ్యకండి, ఊచలు పట్టుకుని ఎక్కుతాడు. బీరువాను గోడకు మరలతో బిగించండి. మంచం పక్క స్విచ్ బోర్డూ, చార్జర్ తీగలూ ఉండకూడదు. వేసవిలో ఇనుప కూలరు వాడి చేతికి అందే చోట పెడితే నేను ఊరుకోను. నీళ్లూ కరెంటూ కలిసే చోటు అది. స్నానాల గది తలుపుకు బయట, పైన గడియ పెట్టించండి. నీళ్లు రావని నింపి ఉంచే బకెట్లూ డ్రమ్ములూ నిద్ర కళ్లతో తిరిగే పిల్లవాడికి చెరువులాంటివే. మీది పైఅంతస్తు, మెట్ల దగ్గర గేటు సంగతి చెప్పక్కర్లేదు.

తల ఎటు పెట్టాలని అత్తమ్మ అంటే ఉత్తరం కాకుండా చూసుకోండి, అందరికీ శాంతి. కానీ కిటికీ లెక్క, కూలరు లెక్క ముందు, దిక్కు తరువాత. దోమతెర కట్టడానికి నాలుగు మూలలా కొక్కేలు ఇప్పుడే కొట్టించు, అంచులు పరుపు కిందికి దోపాలి.

అలవాటు చేయడం మధ్యాహ్నం నిద్రతో మొదలుపెట్టు. రాత్రి లేచి మీ దగ్గరికి వస్తాడు, తప్పకుండా వస్తాడు. కబుర్లు పెట్టకుండా, దీపం వెయ్యకుండా తీసుకెళ్లి పడుకోబెట్టి వచ్చేయండి. ఆ వయసుకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు కావాలి, మూడు దాటాక 10 నుంచి 13. అంతకన్నా బాగా తగ్గితే మంచం తప్పేమో చూడకముందు ఫోను ఎన్నింటిదాకా చూస్తున్నాడో చూడండి.

కింద పరవడానికి కొత్తవాడ నేతవాళ్ల దగ్గర ఒక జంపఖానా తీసి ఉంచాను, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ దర్రీయే. అది పలచన, దాని కింద మీ అమ్మ కుట్టిన బొంత మడిచి వెయ్యి. ఆ రెండూ కలిస్తే దొర్లి పడినా దెబ్బ తగలదు.

గది పొడవు, వెడల్పు, తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఫ్యాను ఎక్కడుందో కాగితం మీద గీసి ఫొటో పంపు. పరుపు కొన్నాక దాని కొలత నువ్వే టేపు పెట్టి చూడు, రసీదు మీద ఉన్న కొలతను నమ్మకు. అవి అందాక ఇక్కడి వడ్రంగితో నేను మాట్లాడతాను. దసరా ముందు వాళ్లకు పని ఎక్కువ, కాబట్టి ఈ ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న
హనుమకొండ