పేరంటపల్లి వెళ్ళే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, ఒడిశాలోని మోటు నుంచి మీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. సంక్రాంతి సెలవుల్లో జయపురం నుంచి మూడు కుటుంబాలు కలిసి పాపికొండల లాంచీ ఎక్కబోతున్నారనీ, లాంచీ ఆగే పేరంటపల్లిలో ఒక పూటైనా ఉండి ఊరు చూడాలని నీకు కోరికగా ఉందనీ రాశావు. నర్సు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు శబరి, శీలేరు నదులను దోనెల్లో దాటి ఊళ్ళు తిరిగినదాన్ని కనుక అడిగినందుకు సంతోషించాను. ఆ ఊళ్ళలో నేను చేసిన పొరపాట్లు నువ్వు చేయకుండా ఉంటే చాలు.

దారి సంగతి పెద్దగా చెప్పనక్కరలేదు. 326వ నంబరు జాతీయ రహదారి మల్కాన్‌గిరి మీదుగా మోటుకు, ఇక్కడి నుంచి చింతూరుకు పోతుంది. అక్కడి నుంచి కూనవరం మీదుగా పోచవరం రేవుకు చేరుకుంటారు. దారిలో నా ఇంటి దగ్గర ఆగకుండా వెళ్ళడం కుదరదు. కూనవరంలో శబరి గోదావరిలో కలిసే చోట మాత్రం బండి దిగి పిల్లలకు చూపించు. మా పెరటి వెనుక పారిన నీళ్ళే మీ లాంచీ కింద పారతాయని వాళ్ళకు తెలియాలి.

నది విషయంలో మాత్రం నా మాట కొట్టేయవద్దు. సంక్రాంతి నాటికి గోదావరి నెమ్మదిస్తుంది కాబట్టి మీరు ఎంచుకున్న కాలం మంచిదే. ఏ కారణం చేతనైనా ప్రయాణం వానాకాలానికి వాయిదా పడితే పూర్తిగా మానుకోండి. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చినప్పుడు గోదావరి శబరిని ఎగదన్నడంతో, ఇంత ఎగువన ఉన్న మా మోటు వాళ్ళం కూడా మూటలు నెత్తిన పెట్టుకుని మెరక చూసుకోవలసి వచ్చింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది కూడా గోదావరి వరద మీద ఉన్నప్పుడే. కాబట్టి లైఫ్ జాకెట్ అందరూ వేసుకోవాలి. ఫొటో కోసం ఒక్క క్షణం విప్పుతామని కోడలు అన్నా ఒప్పుకోకు. మలుపు తిరిగేటప్పుడు జనమంతా ఒక పక్కకు చేరితే పడవ ఒరుగుతుంది కనుక, సరంగు కూర్చోమన్నప్పుడు ఎదురు మాట్లాడకుండా కూర్చోవాలి.

ఇక ఊరి సంగతి. లాంచీ అక్కడ ఆగేది కొద్దిసేపే. ఆ కాస్త వ్యవధిలో జనం శివాలయానికి వెళ్ళి, పక్కన కొండ మీది నుంచి దిగే సెలయేటిలో కాళ్ళు తడుపుకుని, వెదురు బొమ్మలు కొనుక్కుని వెనక్కు పరుగెత్తుతారు. పూటంతా ఉండాలంటే లాంచీ వాళ్ళతో ముందుగానే మాట్లాడుకోవాలి. అది జాతీయ పార్కు ప్రాంతం కనుక అటవీశాఖ వాళ్ళనూ అడగాలి, వెలుగు ఉండగానే తిరుగు ప్రయాణం కట్టాలి. అనుమతి దొరక్కపోతే దొరికిన అరగంటతోనే తృప్తిపడండి, దొంగచాటుగా ఉండిపోవద్దు.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది: ఊరు చూడటానికని వెళ్ళకు, ఒక పని మీద వెళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెలవు రోజున, శీలేరు అవతలి కోయ గూడెం ఒకటి చూసి రావాలని సంచి నిండా బిస్కెట్లు తీసుకుని వెళ్ళాను. పిల్లలందరికీ పంచాను, ఇళ్ళ గుమ్మాల్లోకి తొంగి చూశాను, ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోతుంటే సిగ్గు కాబోలు అనుకున్నాను. మళ్ళీ టీకాల కోసం వెళ్ళేసరికి నన్ను చూడగానే పిల్లలు చేతులు చాపారు, వాళ్ళ తల్లులు తల దించుకున్నారు. ఆ చేతులు చాపడం నేర్పింది నేనేనని అర్థమయ్యాక చాలా రోజులు బాధపడ్డాను. అటుపైన ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒక పని పెట్టుకున్నాను: ఒకసారి చింతపండు కొనడానికి, ఒకసారి బాలింతరాలికి చీర ఇచ్చి రావడానికి, ఒకసారి తెగిన సంచి కుట్టించుకోవడానికి. పని ఉన్న మనిషికి పీట వేస్తారు, ఎవరి తాలూకు అని అడుగుతారు, మాట దానంతటదే సాగుతుంది.

పేరంటపల్లి వాళ్ళు కొండరెడ్లు అనే గిరిజనులు. మా కోయవాళ్ళకు సొంత భాష ఉంది గానీ కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. లాంచీ దిగుతూ వాళ్ళ గుడిసెల గురించి, బట్టల గురించి మీరు తెలుగులో చెప్పుకునే ప్రతి మాటా వాళ్ళ చెవిన పడుతుందని, అర్థమవుతుందని పిల్లలకు ముందే చెప్పు. పెద్దవాళ్ళను చూసి నువ్వు అనడం మన జయపురం బజారు అలవాటు. అక్కడ వయసును బట్టి అన్నా, అక్కా, తాతా అని పిలవండి. ఫొటో తీసేముందు అడగండి, వద్దంటే మళ్ళీ అడగవద్దు. చిక్కుడైనా మామిడైనా కొత్త పండుగ జరిపి దేవతకు పెట్టకముందు తాము కూడా నోట పెట్టని ఆచారం ఆ కొండల్లో ఉంది. చెట్టున ఉంది కదా అని పిల్లలు కాయ తెంపకుండా చూసుకో.

పోలవరం ఊసు మీ అంతట మీరు ఎత్తవద్దు. ఆ ఆనకట్ట నిండు మట్టం 45.72 మీటర్లు. దాని నీటి కింద ఊళ్ళు పోయినవాళ్ళూ, పోతాయేమోనని ఎదురుచూస్తున్నవాళ్ళూ ఆ నది పొడవునా ఉన్నారు. నీకు పరిహారం ఎంత వచ్చిందని సెలవుకు వచ్చినవాడు అడగడం, చావు ఇంట్లో ఆస్తి లెక్క అడగడం లాంటిది. వాళ్ళే చెబితే విను. మా మల్కాన్‌గిరి వైపు కూడా ఆ ముంపు భయం ఉంది కాబట్టి, మోటులో మా అత్తయ్య ఉందని నువ్వు చెబితే చాలు, చెప్పాలనుకున్నవాళ్ళు చెబుతారు.

వెంట తీసుకెళ్ళవలసినవి కొద్దే. ఇంటి నుంచి స్టీలు సీసాల్లో నీళ్ళు, చిన్న నోట్లుగా డబ్బు, తడి రాళ్ళ మీద జారని చెప్పులు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక గుడ్డ సంచి చాలు. బిస్కెట్లు వద్దని మళ్ళీ చెప్పనక్కరలేదనుకుంటాను.

నీకు పని లేకుండా పంపడం నాకు ఇష్టం లేదు కనుక, ఒకటి అప్పగిస్తున్నాను. నా చేట అంచు ఊడి ఏడాది అయింది. రంగులు పూసి రేవులో అమ్మే బొమ్మ చేట వద్దు. ఊళ్ళో వెదురు అల్లేవాళ్ళు ఎవరని అడిగి, వాళ్ళ దగ్గర కూర్చుని, బియ్యం చెరగడానికి పనికివచ్చేది, నడుము దగ్గర లోతు కాస్త ఎక్కువగా ఉన్నది ఒకటి తీసుకో. చెప్పిన ధర ఇవ్వు, బేరమాడకు. మెంతులు, కాగితం కలిపి రుబ్బిన పూత నేనే వేసుకుంటాను, అక్కడ వేయించవద్దు. బండిలో దాని మీద సామాను పెట్టకుండా కోడలిని ఒళ్ళో పట్టుకోమను.

ఆశీస్సులతో,
మీ మేనత్త