టెక్ సందేహాలు: పేరు ఒకటే, మనిషి వేరు

ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే ఇబ్బంది గురించి. ఒక పేరు కొడితే ఆ పేరున్న ఇంకెవరో వస్తున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే వారానికి ఉంచి, ఇవాళ వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: తిరుపతిలో సంగీతం ఎంఏ చదువుతున్నాను. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారి మీద ప్రాజెక్టు చేస్తున్నాను. రాళ్లపల్లి అని వెతికితే యూట్యూబ్ నిండా సినిమా కామెడీ సీన్లే వస్తున్నాయి. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే, ఆయన అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టారని చెప్పి, ఆ కిందే సినిమాల్లో హాస్య పాత్రలు వేశారని కూడా రాసింది. సరైన సమాచారం ఎలా రాబట్టాలి?

జవాబు: మీ ప్రాజెక్టు చాలా విలువైనది. తాళ్లపాక వారి, అంటే అన్నమయ్య కుటుంబం వారి, కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. తిరుపతిలో కూర్చుని ఆ కీర్తనలను పరిష్కరించి, ఎన్నిటికో స్వరరచన చేసిన పండితుడు అనంతకృష్ణ శర్మ గారు (1893–1979). అలాంటి మనిషి గురించి ఆయన పనిచేసిన ఊళ్లోనే ఒక విద్యార్థినికి సమాచారం సరిగ్గా దొరకకపోవడం నాకు బాధగానే ఉంది.

ఇంకో రాళ్లపల్లి, 2019లో కన్నుమూసిన నటుడు రాళ్లపల్లి వెంకట నరసింహారావు గారు. సినిమా టైటిల్స్‌లో ఆయన పేరుగా ఇంటిపేరు ఒక్కటే పడేది. అందువల్ల నెట్‌లో రాళ్లపల్లి అనే ఒంటిమాట దాదాపుగా ఆయనదైపోయింది. పైగా సెర్చ్ ఇంజిన్ ఎక్కువమంది దేన్ని నొక్కుతున్నారో దాన్నే పైకి తెస్తుంది. వీడియోల విషయంలో అది ఇంకా ఎక్కువ.

మొదట పూర్తి పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అలా పెడితే అక్షరాలు అదే వరుసలో ఉన్న పేజీలే వస్తాయి. తెలుగులో చిక్కు ఇక్కడే ఉంది. రాళ్లపల్లి అని రాసేవారున్నారు, రాళ్ళపల్లి అని రాసేవారూ ఉన్నారు. అనంతకృష్ణ శర్మ, అనంతకృష్ణశర్మ, అనంత కృష్ణ శర్మ, ఇవి మూడూ కంప్యూటర్‌కి మూడు వేరు వేరు పేర్లు. ఒక్కో రూపాన్నీ కొటేషన్లలో పెట్టి, రెంటి మధ్య ఓఆర్ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో టైప్ చేస్తే ఏదో ఒక రూపం ఉన్న పేజీలన్నీ ఒకేసారి వస్తాయి. పాత పుస్తకాల స్కాన్‌లు వెతికేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగులు కూడా మార్చి మార్చి చూడండి. చివరి మాటను కొందరు ఎస్ఏఆర్ఎంఏ అనీ, కొందరు మధ్యలో హెచ్ చేర్చి రాస్తారు.

అప్పటికీ సినిమాలు అడ్డొస్తుంటే మైనస్ గుర్తు వాడండి. పేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, మైనస్ పెట్టి, దాన్ని ఆనుకుని సినిమా అని టైప్ చేయాలి. మైనస్‌కీ ఆ మాటకీ మధ్య ఖాళీ ఉంటే పనిచేయదు. దీన్ని ఆఖరి అస్త్రంగానే వాడండి. శర్మ గారి గురించిన మంచి వ్యాసంలో ఎక్కడో సినిమా అనే మాట ఉంటే అదీ ఎగిరిపోతుంది. దానికంటే అన్నమాచార్య, రాగిరేకులు లాంటి మాటలు చేర్చి వెతకడం మేలు.

ఇక చాట్‌బాట్. అది తాను చదివిన కోట్ల పేజీల్లో ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందో దాన్ని బట్టి వాక్యం అల్లుతుంది. రాళ్లపల్లి అనే మాట పక్కన కీర్తనలూ ఉన్నాయి, సినిమాలూ ఉన్నాయి. రెండూ కలిసిపోయి ఒక్క మనిషి తయారయ్యాడు. ప్రశ్నలోనే పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, రంగం చెప్పండి. ఈ పేరుతో ఇంకొకరు ఉన్నారు, కలపవద్దు అని కూడా రాయండి. తప్పులు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. కాబట్టి అది ఇచ్చిన ఏ సంవత్సరాన్నీ, ఏ పుస్తకం పేరునూ మీరు స్వయంగా పేజీ తెరిచి చూడకుండా ప్రాజెక్టులో పెట్టకండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతున్నాను. మీ ప్రాజెక్టు రేపు నెట్‌లోకి వెళ్తే, ఇంకో చాట్‌బాట్ దాన్నే చదువుకుంటుంది.

ప్రశ్న: చిత్తూరులో టీచర్‌ని. పిల్లల క్విజ్ కోసం రాజేంద్ర ప్రసాద్ ఫోటో వెతికితే సినిమా నటుడి ఫోటోలే ముందు వస్తున్నాయి. గూగుల్‌కి మనిషికీ మనిషికీ తేడా తెలియదా?

జవాబు: కొంత తెలుసు. 2012 నుంచి గూగుల్ ప్రసిద్ధ వ్యక్తులను ఒక్కొక్కరినీ వేరే ఎంట్రీగా దాచుకుంటోంది. కానీ మీరు ఉత్త పేరు ఇచ్చినప్పుడు ఎవర్ని చూపించాలన్నది భాష, ప్రాంతం, జనాదరణ చూసి ఊహిస్తుంది. తెలుగులో అడిగితే నటుడు ముందుకు రావడం సహజం. 1950 నుంచి 1962 వరకు రాష్ట్రపతిగా ఉన్న బాబూ రాజేంద్ర ప్రసాద్ కావాలంటే పేరు పక్కన రాష్ట్రపతి అని చేర్చండి. నిర్మాత, దర్శకుడు వి.బి. రాజేంద్ర ప్రసాద్ గారు మూడో మనిషి. ఆయన నటుడు జగపతిబాబు తండ్రి.

వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచినా, మెనూలో వికీడేటా అంశం అనే లింకు ఉంటుంది. అది నొక్కితే క్యూ అనే అక్షరంతో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. ఒకే పేరున్న వాళ్లు ఎంతమంది ఉన్నా ఆ నంబరు ఎవరిది వాళ్లదే. క్విజ్ స్లైడ్‌ల ఫైల్‌లో ప్రతి పేరు పక్కన అది రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఇంకో టీచర్ ఆ ఫైల్ తీసుకున్నా పొరపాటు జరగదు.

ప్రశ్న: మాది మదనపల్లె. వాట్సాప్‌లో కృష్ణమూర్తి అన్నారంటూ తరచూ సూక్తులు వస్తుంటాయి. అవి మా ఊళ్లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారివో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇది నిజంగా కష్టమైన కేసు. జిడ్డు కృష్ణమూర్తి గారు (1895–1986) తత్వవేత్త. మచిలీపట్నంలో పుట్టిన యు.జి. కృష్ణమూర్తి గారు (1918–2007) కూడా అలాంటి విషయాలే మాట్లాడారు. పైగా ఇద్దరికీ పరిచయం ఉంది. రంగం ఒకటే కాబట్టి ఇంకో మాట చేర్చి వెతికినా ఇద్దరూ వస్తారు. ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెడితే ఆ ముఖం ఎవరిదో తెలుస్తుంది. కానీ ఒకరి ఫోటో కింద ఇంకొకరి మాట పెట్టే వాళ్లు ఉన్నారు. వాక్యాన్ని ఇంగ్లిష్‌లో కొటేషన్ల మధ్య పెట్టి వెతకండి. ప్రసంగం జరిగిన ఊరు, తేదీ ఉన్న పేజీ దొరికితేనే ఫార్వర్డ్ చేయండి.

ప్రశ్న: తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పేరుతోనే మా సబ్జెక్టులో ఇంకొకరు ఉన్నారు. వారి పేపర్లు నా గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో చేరుతున్నాయి.

జవాబు: పరిశోధకులను ఒక్కొక్కరినీ వేరుగా గుర్తించే ఆర్కిడ్ (ORCID) ఐడీ తీసుకోండి. ఉచితం. 16 స్థానాల నంబరు ఇస్తారు. చివరి స్థానం మిగతా అంకెలను బట్టి లెక్కగట్టినది కాబట్టి ఒక అంకె తప్పు టైప్ చేస్తే సిస్టం పట్టేస్తుంది. ఇక మీదట ప్రతి పేపర్‌లో అది ఇవ్వండి. గూగుల్ స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరకుండా, ముందు మీకు మెయిల్ వచ్చేలా సెట్టింగ్ మార్చుకోండి. మెషీన్ లెర్నింగ్‌లో పేరున్న శాస్త్రవేత్త మైకేల్ జోర్డన్ మధ్యలో ఐ అనే ఇనిషియల్‌తో ప్రచురిస్తారు, దానివల్ల అదే పేరున్న బాస్కెట్‌బాల్ ఆటగాడి నుంచి వేరుగా కనిపిస్తారు. మీరూ ఒక ఇనిషియల్‌ను ఖాయం చేసుకుని, దాన్ని ఎప్పుడూ మార్చకండి.

ప్రశ్న: ఫోన్ చెప్పింది కదా అని డూప్లికేట్ కాంటాక్టులు కలిపేశాను. ఇద్దరు వెంకటేశ్వర్లు ఒక్కరైపోయారు. ఎవరికి డబ్బు పంపాలన్నా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ సైట్ తెరిచి, సెట్టింగ్స్ గుర్తు నొక్కితే మార్పులు రద్దు చేసే ఆప్షన్ ఉంటుంది. 30 రోజుల లోపు అయితే కలపకముందు ఉన్న స్థితికి వెళ్లొచ్చు. ఈ మధ్యలో కొత్తగా చేర్చిన నంబర్లు పోతాయి కాబట్టి ముందు వాటిని రాసుకోండి. తర్వాత ఒక్కో పేరు పక్కన ఊరో, పనో చేర్చండి. ఇక డబ్బు సంగతి. యూపీఐలో కనిపించే పేరు ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు దాన్ని చూసి నమ్మడానికి లేదు. ముందు ఒక్క రూపాయి పంపి, ఫోన్ చేసి అందిందో లేదో అడిగి, ఆ తర్వాతే మిగతాది పంపండి.