ఇంట్లో డయాలసిస్ నడుస్తుంటే దేవుడి జ్ఞానాన్ని నమ్మడం ఎలా?

సిస్టర్, మీరు అడిగింది ఇది: మీవారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. సంఘంలో కొందరు "యోబులా ఓర్చుకో" అంటున్నారు, కొందరు "ఏ పాపం దాచారో ఒప్పుకోండి" అంటున్నారు. ఈ గందరగోళంలో నమ్మకం నిలిచేదెలా? పరామర్శలకు తిరిగే మాలాంటివాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్నే.

ముందు యోబు సంగతి. ఆస్తినీ పిల్లల్నీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న భక్తుడు, ఆయన కథే బైబిల్లోని యోబు గ్రంథం. ఓర్చుకోమనేవాళ్లలో చాలామంది 42 అధ్యాయాల్లో మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతారు. "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అన్నది 1:21. 3వ అధ్యాయానికే యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు. గోడ క్యాలెండర్ల మీద అచ్చువేసే "సువర్ణమువలె కనబడుదును" 23:10లో ఉంది. దాని పైన రెండు వచనాలు చూడండి: తూర్పుకు వెళ్లినా, పడమరకు వెళ్లినా దేవుడు కనబడడం లేదని మొత్తుకుంటాడు. ఆ రెండూ అచ్చువేసిన క్యాలెండర్ ఎక్కడా కనబడదు.

మిషన్ పక్కన కూర్చునే నాలుగు గంటలు చదువుకోవడానికి సరిపోతాయి. కానీ వరసగా చదివితే మధ్యలో అలసిపోతారు, వాదనలు తిరిగి తిరిగి వస్తాయి. ఒకరోజు 1 నుంచి 3. మర్నాటికి 4 నుంచి 7, అంటే స్నేహితుడు ఎలీఫజు మాటలూ వాటికి యోబు జవాబూ. తర్వాత 19, 23. చివరికి 38 నుంచి 42:9 దాకా ఒకే ఊపులో. స్నేహితుల తర్వాత ఎలీహు అనే యువకుడు మాట్లాడే ఆరు అధ్యాయాలు (32–37) ఇప్పటికి పక్కన పెట్టండి. ఓపిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు.

38లో దేవుడు మాట్లాడడం మొదలుపెడతాడు గానీ, మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో ఏం జరిగిందో, అంటే యోబును పరీక్షించడానికి సాతాను అనుమతి తెచ్చుకున్న సంగతి, యోబుకు చెప్పడు. చదివే మనకు తెలుసు, బాధపడ్డవాడికి ఆఖరుదాకా తెలియదు. బదులుగా కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో తెలుసా అని అడుగుతాడు, మనుషులే లేని ఎడారి మీద వాన ఎవరు కురిపిస్తున్నారని అడుగుతాడు. మన లెక్కలోకి రానివి కూడా ఆయన చూసుకుంటున్నాడన్నమాట. నమ్మమన్నది ఆ చూసుకునేవాణ్ణి. కారణం చేతికొస్తేనే నమ్మకం నిలబడుతుందనుకుంటే, యోబుకే నిలబడేది కాదు.

కారణం తెలుసన్నట్టు మాట్లాడిన స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరులకు ఏమైందో 42:7లో ఉంది. నన్నుగూర్చి యోబు పలికినట్టు మీరు యుక్తమైనది పలకలేదని దేవుడు కోపపడ్డాడు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తెచ్చుకుని, యోబు చేతే ప్రార్థన చేయించుకోవాల్సి వచ్చింది. పాపం ఏమిటని అడిగేవాళ్లకు ఈ వచనం, యోహాను 9:3 (పుట్టుగుడ్డివాడి గురించి, వాడైనా వాడి తల్లిదండ్రులైనా పాపం చేసినందుకు కాదని యేసు చెప్పిన మాట) చూపించి ఊరుకోండి. వాదనకు దిగితే మీకున్న కాస్త శక్తీ పోతుంది.

ప్రార్థనకు మాటలు రాకపోతే 13వ కీర్తన పట్టుకోండి. ఉన్నవి ఆరు వచనాలే. మొదటి రెండూ ఫిర్యాదు, తర్వాతి రెండూ విన్నపం, చివరి రెండూ నమ్మిక. అదే వరసలో మీ మాటల్లో కాగితం మీద రాయండి. ఫిర్యాదులో క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) రిపోర్టు, ఆటో ఖర్చు, పిల్లల ఫీజు అన్నీ పెట్టొచ్చు. చివరి రెండూ రాకపోతే బలవంతంగా రాయకండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో ఉంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఉపవాస ప్రార్థన మీరు చెయ్యండి, మీవారిచేత చేయించకండి. ఉపవాసం విడిచేటప్పుడు ఇచ్చే కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం అన్నిటిలోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచేయనివాళ్లకు అది బయటికి పోక గుండె లయ తప్పిస్తుంది. "విశ్వాసంతో ఒక్క డయాలసిస్ మానేసి సాక్ష్యం చెప్పండి" అని ఎవరైనా అంటే అక్కడితో ఆ సంభాషణ ఆపేయండి. మానేస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది, పొటాషియం పెరుగుతుంది, ప్రాణం మీదికొస్తుంది. జబ్బుపడ్డ హిజ్కియా రాజు ప్రార్థన విని దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. అదే 2 రాజులు 20లో యెషయా ప్రవక్త ఆయన పుండుకు మందుగా అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు కూడా.

సాయం చేస్తామన్నవాళ్లకు పని చెప్పండి: ఒక డయాలసిస్ రోజు తోడు వెళ్లడం, పిల్లల్ని బడి నుంచి తేవడం. యోబు స్నేహితులు చేసిన ఒక్క మంచిపనీ నోరు మూసుకుని ఏడు పగళ్లు, ఏడు రాత్రులు పక్కన కూర్చోవడమే.

ప్రార్థించిన నూనె అని డబ్బులడిగితే ఇవ్వకండి. యాకోబు 5:14 ప్రకారం సంఘపు పెద్దల్ని పిలిపించుకోవడమే, అందులో ఖరీదు మాటే లేదు. మీ పాస్టరుగారికి ఫోన్ చేసి ఇంటికి రమ్మనండి, డయాలసిస్ లేని రోజు చూసుకుని.