ఊడదీయడం రావాలి ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట, టెన్షన్ తగ్గడానికి కుట్లో అల్లికలో ఏదో ఒకటి మొదలుపెడదామనుకుంటున్నాం, ఏది మొదలుపెట్టాలి, ఎలా మొదలుపెట్టాలి అని. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టేసి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. లేచిన దగ్గర్నుంచి కంప్యూటర్, అది ఆపితే ఫోను. పడుకున్నాక కూడా బుర్రలో ఆఫీసు మీటింగులే నడుస్తుంటాయి. గోళ్లు కొరికి కొరికి రక్తం వస్తోంది. చేతుల్తో చేసే పని ఏదైనా పెట్టుకో అని అందరూ అంటున్నారు. కానీ చిన్నప్పుడు స్కూల్లో కుట్టు క్లాసులో టీచర్ నా గుడ్డ పైకెత్తి అందరికీ చూపించి నవ్వించారు, ఆ రోజు నుంచి సూది ముట్టలేదు. నాలాంటిదానికి ఎంబ్రాయిడరీనా, నిట్టింగా, క్రోషియానా?

జవాబు: క్రోషియా, అంటే ఒకే ఒక్క హుక్‌తో అల్లేది. ఇంత ఠక్కున చెప్పడానికి కారణం ఉంది. అందంగా ఉంటుందనో సులువనో కాదు, ఎంబ్రాయిడరీ కూడా సులువే, గొలుసు కుట్టు, కాడ కుట్టు ఒక్క సాయంత్రంలో చేతికొచ్చేస్తాయి. కానీ గుడ్డ మీద కుట్టు తప్పు పడిందనుకోండి, కత్తెర మొనతో దారం తెంపి ఒక్కో ముక్కా లాగి అంతా తీశాక కూడా ఆ సూది బెజ్జాలు అక్కడే కూర్చుని మన వైపే చూస్తుంటాయి. రెండు సూదులతో అల్లే నిట్టింగ్‌లో ఇంకో తంటా, వరసలో ఎన్ని కుట్లుంటే అన్ని లూపులూ ఒకేసారి సూది మీద తెరిచే ఉంటాయి, ఒకటి జారిందంటే కింది వరసల్లోకి నిచ్చెన మెట్లలాగా విడిపోతూ పోతుంది. అలవాటైనవాళ్లు చిన్న హుక్‌తో మళ్లీ పైకి ఎక్కించేస్తారు గానీ కొత్తవాళ్లకి ఆ క్షణం గుండె జారిపోతుంది, ఇప్పటికే గోళ్లు కొరుక్కుంటున్న మనిషికి అదెందుకు చెప్పండి.

క్రోషియాలో ఎప్పుడు చూసినా తెరిచి ఉండేది ఒక్కటే లూపు. తప్పు పడిందా, హుక్ బయటికి తీసేసి దారం పట్టుకుని లాగడమే, సర్రున ఊడొచ్చేస్తుంది, తప్పుకి ముందున్న కుట్టు దగ్గర ఆపి హుక్ మళ్లీ దూర్చేస్తే అయిపోయింది. బెజ్జం ఉండదు, మచ్చ ఉండదు. మీ టీచర్ ఇప్పుడొచ్చి పైకెత్తి చూపిద్దామన్నా అక్కడేమీ మిగలదు.

ఇక సరుకు. 5 మిల్లీమీటర్ల హుక్ ఒకటి, ఊలు ఉండ ఒకటి, అంతే. హుక్కుల సెట్లూ బుట్టలూ బ్యాగులూ ఇప్పుడే కొనకండి, కొనడం వేరే హాబీ, అది కూడా బాగానే ఉంటుంది గానీ మనం మాట్లాడుకునేది దాని గురించి కాదు. దారం మరీ సన్నం కాకుండా, లావూ కాకుండా మధ్యరకం తీసుకోండి, లేబుల్ మీద 4 అని నంబరుంటే అదే. రంగు లేతది కావాలి, నలుపూ ముదురు నీలం తీసుకున్నారంటే కుట్టు ఎక్కడుందో కనపడక కళ్లు పోతాయి. మెత్తగా బొచ్చుబొచ్చుగా వెల్వెట్‌లాగా ఉండే దారాలు షాపులో చెయ్యి పెట్టగానే రమ్మని పిలుస్తాయి, వద్దు, వాటిల్లో కుట్టు కనపడదు, ఊడదీద్దామంటే బొచ్చు ఒకదాన్నొకటి పట్టుకుని రాదు.

ముందు జారుముడి వేసి హుక్‌కి తగిలించండి. దారాన్ని హుక్ మీదుగా తిప్పి ఆ లూపులోంచి ఇవతలికి లాగితే ఒక చెయిన్. అలా 21 వెయ్యండి. ఇప్పుడు హుక్ దగ్గర్నుంచి రెండో చెయిన్‌లో హుక్ గుచ్చండి, దారం తిప్పి లాగండి, హుక్ మీద రెండు లూపులుంటాయి, మళ్లీ దారం తిప్పి ఆ రెండిట్లోంచీ ఒకేసారి లాగెయ్యండి. ఇదే సింగిల్ క్రోషే. చివరిదాకా పోతే 20 కుట్లు వస్తాయి, ఒక చెయిన్ వేసి ముక్క తిప్పుకుని మళ్లీ మొదలు. ఒక్క జాగ్రత్త, వీడియోలు చూసి నేర్చుకుంటే ముందు అవి ఎవరి పేర్లతో చెప్తున్నారో చూసుకోండి, అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్‌వాళ్లు డబుల్ క్రోషే అంటారు. నేనైతే ఈ సంగతి తెలియక ఒక వారమంతా ఒక వీడియోలో విన్నది ఇంకో వీడియోలో వెతుక్కుంటూ నాకే బుర్ర లేదేమో అనుకున్నా.

అసలు సంగతి ఇప్పుడు. మొదటి రోజు పది వరసలు అల్లాక, అవి ఎంత బాగొచ్చినా సరే, మొత్తం ఊడదీసెయ్యండి. నిజంగానే చెప్తున్నా. మీ చేత్తో మీరే లాగి, దారం మళ్లీ ఉండ చుట్టెయ్యండి. నా దగ్గరికి నేర్చుకోడానికి వచ్చేవాళ్లందరి చేతా ఇదే చేయిస్తా, మొదట మొహాలు మాడ్చుకుంటారు, సగం లాగేసరికి నవ్వొస్తుంది. చేసింది పోతుందేమో అన్న భయం మొదటి రోజే పోతే రెండో రోజు నుంచి భుజాలు కిందికి దిగుతాయి.

రోజుకి 15 నిమిషాలు చాలు. మీ గోళ్ల సంగతికి ఇది ఇంకో రకంగా పనికొస్తుంది, ఒక చేతిలో హుక్, ఇంకో చేతి వేళ్ల మధ్య దారం, ఇక నోట్లో పెట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఎక్కడుంది, ఫోన్ తీద్దామన్నా లేదు. మీటింగులు బుర్రలో తిరిగితే తిరగనివ్వండి, వాటిని తరమకండి, కుట్లు లెక్కపెట్టండి, పదకొండు పన్నెండు అంటున్నప్పుడు మేనేజర్ ఏమన్నాడో గుర్తు చేసుకోవడం కష్టం. లెక్క తప్పితే? లాగెయ్యడమే.

ప్రశ్న: రెండు నెలల కిందట క్రోషియా మొదలుపెట్టాను. ఫ్రెండ్‌కి పాప పుట్టింది, దుప్పటి అల్లి ఇస్తానని మాటిచ్చాను. ఇప్పుడు అది చూస్తేనే చిరాకు. అల్లే కొద్దీ అంచులు లోపలికొచ్చేసి ముక్క త్రికోణం అయిపోతోంది, ఇంకోవైపు తను ఎప్పుడిస్తావని అడుగుతోంది. టెన్షన్ తగ్గుతుందని మొదలుపెడితే ఇంకొంచెం పెరిగింది!

జవాబు: రెండు రోగాలున్నాయి మీకు, చిన్నది ముందు చెప్తా. త్రికోణం అవుతోందంటే ప్రతి వరసలో ఒక కుట్టు మిస్ అవుతున్నారు, దాదాపు ఎప్పుడూ అది వరసలో మొదటిదో చివరిదో అవుతుంది. ముక్క తిప్పి ఒక చెయిన్ వేశాక, ఆ చెయిన్ మొదలైన కుట్టులోనే మొదటిది వెయ్యాలి, చాలామంది దాన్ని దాటేసి పక్కదాంట్లో వేస్తారు. వేరే రంగు దారం ముక్కలు రెండు తీసుకుని మొదటి కుట్టుకొకటి చివరి కుట్టుకొకటి తగిలించండి, వరస అయ్యేటప్పుడు ఆ గుర్తులోకి కుట్టు పడిందా లేదా చూసుకుంటే చాలు, మొత్తం లెక్కపెట్టక్కర్లేదు.

కుట్లు సరిగ్గా ఉన్నా వెడల్పు మారుతోందంటే అది చేతి బిగువు. నా దగ్గర ఒక పట్టీ ఉంది, రోజుకి రెండు వరసలు, ఎప్పుడూ 20 కుట్లే, అదే హుక్కు, అదే దారం, అయినా మధ్యలో ఒకచోట నడుం కట్టేసినట్టు సన్నబడి మళ్లీ వెడల్పవుతుంది. ఆ సన్నబడ్డ వారం ఇంట్లో ఆస్తి గొడవ. కోపంలో దారాన్ని ఎంత బిగించానో నాకు అప్పుడు తెలీనే లేదు, ముక్క చూస్తేనే తెలిసింది. అన్నీ ఊడదీసే నేను అది మాత్రం ఊడదీయలేదు.

పెద్ద రోగం ఆ దుప్పటి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు దుప్పటి ఒప్పుకోకూడదమ్మా, అందులోనూ అడిగేవాళ్లున్న దుప్పటి. తారీఖు పడిందంటే అది ఆఫీసు పనే, ఊలుతో చేసినా సరే. నేనూ ఒకసారి పొగిడారు కదా అని నాలుగు టోపీలు ఫలానా రోజుకల్లా ఇస్తానని ఒప్పుకుని, ఆఖరి రాత్రి రెండింటి దాకా కూర్చుని, నాలుగోది ఇచ్చేశాక మూడు నెలలు హుక్కు మొహం చూళ్లేదు. మీ ఫ్రెండ్‌కి ఈ రోజే ఫోన్ చేసి దుప్పటి అవ్వదు, పాపకి ఇంకేదైనా తెస్తా అని చెప్పెయ్యండి. ఆ త్రికోణాన్ని ఊడదీసి, గ్లాసు కింద పెట్టుకునేంత చదరపు ముక్కలు అల్లుకోండి, ఎవరికీ చెప్పకుండా, ఫొటో కూడా తియ్యకుండా. ఫొటో పెట్టాక ఎన్ని లైకులొచ్చాయో చూడ్డం మొదలవుతుంది చూశారా, అది ఇంకో తారీఖు లాంటిదే.

ప్రశ్న: నేను మగవాడిని, వయసు 52. ఊలు, హుక్కు తెచ్చుకుంటే ఇంట్లో ఒకటే నవ్వులు. దీనివల్ల మనసు కుదుటపడుతుందని రుజువేమైనా ఉందా, లేక ఊరికే చెప్తారా?

జవాబు: నవ్వనివ్వండి సార్. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బ్రిటన్ డైవర్ టామ్ డేలీ ప్రేక్షకుల మధ్య కూర్చుని అల్లుకుంటూ కెమెరాకి దొరికాడు, అప్పటికే ఇద్దరు కలిసి ఒకేలా దూకే 10 మీటర్ల సింక్రనైజ్డ్ డైవింగ్‌లో గోల్డ్ కొట్టేశాడు, ఆ మెడల్ గీతలు పడకుండా ఉండడానికి సంచీ కూడా తనే అల్లుకున్నాడు. మీ ఇంట్లోవాళ్లకి ఆ ఫొటో చూపించండి. అంతకన్నా పాత సంగతి, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఆసుపత్రుల్లో ఉన్న సైనికులకి ఎంబ్రాయిడరీ నేర్పించేవారు, లండన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ప్రార్థన బల్లకి కప్పే పెద్ద కుట్టు గుడ్డ ఒకటుంది, దాన్ని కుట్టింది అలాంటి 138 మంది సైనికులు.

రుజువంటే, 2013లో బ్రిటన్‌లోని ఒక ఆక్యుపేషనల్ థెరపీ జర్నల్‌లో ఒక సర్వే వచ్చింది, నిట్టింగ్ చేసే 3,545 మందిని అడిగితే ఎక్కువసార్లు అల్లేవాళ్లే ఎక్కువ ప్రశాంతంగా, సంతోషంగా అనిపిస్తుందని చెప్పారు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది అల్లేవాళ్లనే అడిగిన సర్వే, అల్లికంటే విసుగొచ్చి మానేసినవాళ్లు అందులో ఉండరు కదా. ప్రశాంతంగా ఉన్నవాళ్లే ఎక్కువ అల్లుతున్నారేమో కూడా. కాబట్టి రుజువు కోసం ఆగకండి, నెల రోజులు మీ చేత్తో మీరే చూడండి, ఊలు ఉండకయ్యే ఖర్చుతో పోయేది.

ప్రశ్న: గంట అల్లితే మణికట్టు, బొటనవేలు మొదట్లో నొప్పి. మానెయ్యాలా?

జవాబు: గంట ఆపకుండా ఎందుకు అల్లుతున్నారు? పావుగంటకోసారి హుక్ కింద పెట్టి వేళ్లు చాపి ముడిచి, లేచి నాలుగడుగులు వెయ్యండి. హుక్‌ని గట్టిగా నొక్కి పట్టుకునేవాళ్లకే ఎక్కువగా ఇలా వస్తుంది, మెత్తటి రబ్బరుతో లావుపాటి పిడి ఉన్న హుక్ తీసుకోండి, పని ఒళ్లో పెట్టుకుని మెడ వంచే బదులు దాని కింద దిండు పెట్టుకోండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, అల్లనప్పుడు కూడా నొప్పి ఉంటున్నా డాక్టర్‌కి చూపించాలి, అది దారంతో తేలే పని కాదు.

ప్రశ్న: మూడు నెలలుగా నిద్ర లేదు, ఏడుపొస్తుంది, ఏ పని మీదా ఇష్టం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఇష్టం లేక అల్లికలతో తగ్గించుకుందామనుకుంటున్నాను. ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: తగ్గదమ్మా, నేను అల్లికలు నేర్పేదాన్ని కాబట్టే చెప్తున్నా. ఆఫీసు చిరాకు, సాయంత్రం బుర్ర వేడి, చేతులు ఊరుకోలేకపోవడం, ఇంతవరకే దీని పని. మీరు రాసింది డాక్టర్‌కి చెప్పుకోవాల్సింది, ఈ వారమే వెళ్లండి, ఒక్కరూ వెళ్లలేకపోతే ఇంట్లో ఎవరో ఒకర్ని తోడు తీసుకెళ్లండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే వారం కూడా ఆగొద్దు, ఇప్పుడే పక్కనున్న మనిషికి చెప్పండి. ఊలు ఎక్కడికీ పోదు, వెయిటింగ్ రూములో కూర్చున్నప్పుడు చేతిలో ఉంటే మంచిదే.

ప్రశ్న: మీరు చెప్పినట్టు ఊడదీసీ ఊడదీసీ నా దారమంతా నూడుల్స్‌లాగా వంకర్లు తిరిగిపోయింది. మళ్లీ అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తున్నాయి. పారెయ్యాలా?

జవాబు: అయ్యో, పారెయ్యకండి! కుర్చీ వీపు చుట్టూ దారాన్ని వదులుగా పెద్ద చుట్టలాగా చుట్టండి, నాలుగు చోట్ల వేరే దారంతో వదులుగా కట్టండి, లేకపోతే చిక్కుపడి ఆ చిక్కు తియ్యడానికి ఇంకో ఆదివారం పోతుంది. కుర్చీ మీంచి తీసి గోరువెచ్చని నీళ్లలో ఓ అరగంట నాననిచ్చి, పిండకుండా టవల్‌లో చుట్టి నీళ్లు ఒత్తేసి, నీడలో వేలాడదీయండి. కాటన్, ఉన్ని అయితే దాదాపు కొత్తదానిలాగా అయిపోతుంది, యాక్రిలిక్, అంటే సింథటిక్ దారం, కొంచెం మొండిది, పూర్తిగా సాపు కాకపోవచ్చు, అయినా అల్లుకోడానికి బాగానే ఉంటుంది. పూర్తిగా ఆరాకే ఉండ చుట్టండి, వదులుగా.