బానెట్ చల్లగా ఉండగానే చూడండి

ప్రశ్న: విశాఖలో 2017 స్కోడా ఆక్టావియా వీఆర్ఎస్ అమ్మకానికి ఉంది. కొని బరంపురం తెచ్చుకుందామనుకుంటున్నాను. ఏమేం చూసుకోవాలండీ?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీరు వెళ్లేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. బానెట్ వెచ్చగా తగిలితే ఇంకోరోజు వెళ్లండి. చల్లటి ఇంజిన్ స్టార్టవగానే రెండు మూడు సెకన్లు గలగలమందంటే ఇంజిన్ లోపలి టైమింగ్ చైనునో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌నో అనుమానించాలి.

ఈ 2.0 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) ఇంజిన్‌కి అసలు జబ్బు కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, లీకేజీ. వాటర్ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ వేడికి వంకరపోయి కారుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద టార్చి వేసి చూడండి, ఎండిన గులాబీరంగు చార కనబడుతుందేమో. కూలెంట్ ట్యాంకులో మట్టం సరిచేసి పెట్టడం ఎవరికైనా తెలిసిన విద్యే. దాన్ని చూసి మోసపోకండి.

గేర్‌బాక్స్ ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్చుల ఆటోమేటిక్. ఆయిలు, ఫిల్టరు 60,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. బిల్లు ‘ఇంట్లో ఉంది’ అంటే మార్చలేదనే లెక్కేసుకుని ధర తగ్గించండి. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకించి, రివర్స్‌లో ఎత్తు ఎక్కించి చూడండి. కుదుపులుంటే క్లచ్చులు గానీ, గేర్లు మార్పించే మెకట్రానిక్స్ యూనిట్ గానీ పోతున్నట్టు. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీమ్యాప్ చేసి, అంటే ప్రోగ్రాం మార్చి పవర్ పెంచిన బండయితే అరుగుదల ఇంకా ఎక్కువ.

టైరు మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే నాలుగూ మార్చే ఖర్చు కలుపుకోండి.

కాగితాల్లో ముఖ్యం ఫారం 28, అంటే బండిని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ. బండి మీద లోను ఉండుంటే, అది తీరిందని చూపే ఫారం 35 కూడా. సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటాక 12 నెలల్లోపు ఒడిశా నంబరు వేయించాలి, పన్ను మళ్లీ కట్టాలి. ఆ మొత్తం బేరానికి ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.