నాయన రేగడి, కొడుకు మృత్తిక

సందేహం: మాది నంద్యాల దగ్గర పల్లె. ప్రస్తుతం అమెరికాలోని కొలరాడోలో భూముల సర్వే పనిలో ఉన్నాను. రాకీ పర్వతాల్లో పశువులు మేసే ఒక వాలు మీద గొయ్యి తీసి చూసిన నేల గురించి ఫోనులో నాయనకు చెప్పాను. పైన జానెడు లోతు నల్లగా, గుల్లగా ఉంది. దాని కింద గోధుమరంగు బంకమన్ను. వేసవి చివర నెర్రెలు విచ్చుకుంటుంది. "అట్లయితే నల్లరేగడే కదరా!" అన్నాడు నాయన. శాస్త్రం దానికి పెట్టిన పేరు వర్టిక్ ఆర్జిక్రయోల్. నేనేమో తెలుగు వ్యాసం కోసం "బంకమృత్తికా సమృద్ధ పర్వత పచ్చికబయలు మృత్తిక" అని రాసుకున్నాను. ఎవరి మాట సరైనది?

సమాధానం: మీ నాయనగారిది సగం ఒప్పు. మీది, ఏమీ అనుకోకండి, పావు వంతు కూడా కాదు. మీ సమాసంలో మృత్తిక రెండుసార్లు వచ్చినా నేల ఒక్కసారి కూడా కనబడలేదు.

ముందు మృత్తిక సంగతి. ఈ సంస్కృత పదమే ప్రాకృతంలో "మట్టిఆ" అయి, మన దగ్గరికి మట్టిగా చేరింది. బిడ్డ మన ఇంట్లోనే కాపురముంటే తల్లిని పాఠ్యపుస్తకాల్లోంచి పట్టుకురావడం దేనికి? మన్ను మాత్రం మన సొంతం. తమిళంలో మణ్, కన్నడంలో మణ్ణు దాని తోబుట్టువులు. ఔపవిభక్తికం, అంటే విభక్తికి ముందు వచ్చే "టి" లాంటిది, చేరితే అది "మంటి" అవుతుంది. వాన మింటికీ మంటికీ ఏకధారగా కురిసిందంటామే, అందులో ఉన్నది ఈ మన్నే. మట్టి, మన్ను రెండూ చేత్తో తీసి తట్టకెత్తగల పదార్థానికి పేర్లు. నేల అలా కాదు. అది ఉన్నచోటు విడిచి రాదు. దానికి పైపొర, అడుగుపొర, వాలు, లోతు ఉంటాయి. "ఈ చేను రేగడి నేల" అంటాం, "వినాయకుడి బొమ్మకు రేగడి మట్టి తెచ్చాం" అంటాం. తారుమారు చేస్తే చెవికే తెలుస్తుంది. మీరు గోతిలో చూసినవి పొరలు కాబట్టి మీ వ్యాసానికి కావలసిన మాట నేల. ఆ గోతిలోంచి తీసి సంచిలో వేసుకున్నది మట్టి.

ఇక పచ్చికబయలు. బయలు అంటే విశాలంగా, అడ్డులేకుండా పరుచుకున్న చోటు. ఆరుబయలు, బట్టబయలు అన్న మాటల్లోనూ ఆ బాహాటమే ఉంది. కొండవాలును బయలు అనడం నా చెవికి ఎదురు తగులుతోంది. పైగా పచ్చిక అనగానే లేత గడ్డి కళ్ల ముందు కదులుతుంది. మీ కొండ మీద ఉన్నదేమో బూడిదరంగు ఆకుల సేజ్‌బ్రష్ తుప్పలు, వాటి నడుమ కుదుళ్లు కుదుళ్లుగా ఐడహో ఫెస్క్యూ లాంటి గడ్లు. ఎవరూ విత్తింది కాదు, నీరు పెట్టింది కాదు. మంచుకీ వానకీ దానంతట అది మొలిచి పశువుల నోటికి అందేది. ఇలాంటి చోటుకు తెలంగాణలో కంచ అనే చక్కటి మాట ఉంది. హైదరాబాదు పక్కనున్న కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది అదే. రెవెన్యూ కాగితాల్లో బంచరాయి అని కూడా కనబడుతుంది. నాకు కంచ మీదే మనసు. కానీ కోస్తావారికి కొండకంచ అంటే కొండ చుట్టూ వేసిన ముళ్లకంచె తోస్తుంది. అందుకని మేతబీడు అనండి. ఒట్టి బీడు అంటే పనికిరాక వదిలేసినదన్న చిన్నచూపు ధ్వనిస్తుంది. ముందు మేత చేరిస్తే ఆ దోషం పోతుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెబుతాను. అమెరికాలో 1934 నాటి టేలర్ గ్రేజింగ్ చట్టం తర్వాత ప్రభుత్వ భూముల్లో పశువులను మేపుకోవడానికి అనుమతి, రుసుము వచ్చాయి. వ్యాసంలో ఆ రుసుము ప్రస్తావన వస్తే "మేత రుసుము" అని కొత్తగా కట్టే పని పెట్టుకోకండి. పుల్లరి ఉంది కదా! పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. 1922లో పల్నాటిలో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చింది ఈ మాట మీదే. కొలరాడో పశువుల కాపరికి ఆ చరిత్ర తెలియకపోవచ్చు గానీ అతను కట్టేది పుల్లరే.

ఇప్పుడు అసలు ప్రశ్న, రేగడి. చాలామంది అనుకునేట్టు ఆ మాటలో నలుపు లేదు. ఉంటే ముందు "నల్ల" చేర్చే అవసరమే రాదు. ఎర్రరేగడి అన్న మాటా పుట్టేది కాదు. రేగడిలో ఉన్నది జిగట. ఇంగ్లీషు భూగోళ గ్రంథాలు ఈ మాటను రేగుర్ అని పట్టుకుపోయి మన నల్లనేలలకు కట్టబెట్టాక నలుపు దానికి అతుక్కుపోయింది. రంగు చూసి సారమనుకోవడం ఇంకో పొరపాటు. దక్కను నల్లరేగడిలో సేంద్రియ పదార్థం సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండదు. మీ కొండనేల పైపొర నలుపు దారి వేరు. అక్కడ గడ్డివేళ్లు ఏటా చస్తూ పుడుతూ, చలికి నెమ్మదిగా కుళ్లుతూ తయారుచేసిన నలుపు అది. రెండు నలుపులకూ చుట్టరికం లేదు.

చుట్టరికం ఉన్నది అడుగున. 0.002 మిల్లీమీటరు కంటే సన్నని రేణువును శాస్త్రం బంకమన్ను అంటుంది. మీ నేల అడుగుపొరలోని రేణువుల్లో ఎక్కువ భాగం స్మెక్టైట్ జాతి ఖనిజాలవి. నీరు తాగితే ఉబ్బుతాయి, బెట్టకు కుంచించుకుపోతాయి. నంద్యాల రేగడిలో ఉన్నదీ ఆ జాతే. నెర్రెలు అందుకే. కింది పెళ్లలు ఒకదానిమీదొకటి ఒరుసుకుని నూనె రాసినట్టు నునుపెక్కడమూ అందుకే. మంచు కరిగే రోజుల్లో పశువు కాలు పెడితే గిట్ట దిగబడిపోవడం, నెల తిరక్కుండా అదే నేల ఇటుకలా బిగుసుకోవడం మీరు చూసే ఉంటారు. అదును, పదును అంటాం కదా. అదును కాలానిది, పదును తడిది. ఇలాంటి నేలకు పదును నిలిచేది కొద్ది రోజులే. మీ నాయనగారు ఫోనులో నెర్రెలన్న మాట విని రేగడి అన్నారంటే, కంటితో చూడకుండానే స్మెక్టైటును పట్టుకున్నారన్నమాట.

మరి సగమే ఒప్పు ఎందుకన్నానంటే, రైతు రేగడి అన్నప్పుడు నాగలి తగిలే పైమన్ను నుంచీ రేగడే. శాస్త్రం లెక్కా దానికి దగ్గరే: రేగడి తరగతిలో, అంటే వర్టిసోల్‌లో, చేరాలంటే పైనుంచి అరమీటరు లోతు దాకా నూటికి 30 పాళ్లకు తగ్గకుండా బంక ఉండాలి, నెర్రెలు తెరుచుకుని మూసుకోవాలి. మీ నేల పైపొర గుల్లగా ఉందంటున్నారు. అది గరప, అంటే ఇసుకా బంకా కలగలిసిన మన్ను. బంక కిందికి దిగి అడుగున పేరుకుంది. కాబట్టి అది రేగడి కాదు, అడుగున రేగడి పోకడ ఉన్న నేల.

తమాషా ఏమిటంటే, శాస్త్రం పెట్టిన పేరూ అదే చెబుతోంది. అమెరికా వ్యవసాయ శాఖ 1975లో అచ్చువేసిన నేలల వర్గీకరణలో పేర్లు కుడినుంచి ఎడమకు విప్పుకోవాలి, మన సమాసాల్లాగే. నల్లరేగడినేలలో ముఖ్యమైన మాట చివరి "నేల". ఆర్జిక్రయోల్‌లో చివరి "ఓల్". ఇప్పుడు ఆ పద్ధతిలో ఉన్న 12 తరగతుల్లో మోలిసోల్ అనే తరగతికి అది ముద్ర. లాటిన్ మోలిస్ అంటే మెత్తన. "క్రయ్" గ్రీకు చలి. "ఆర్జి" లాటిన్‌లో బంకమన్నును చెప్పే ఆర్జిల్లా. ముందున్న వర్టిక్‌కు మూలం వెర్తో, అంటే తిరగేయడం. నెర్రెల్లోకి పైమన్ను రాలి, ఉబ్బినప్పుడు కిందుమీదై, తన్ను తాను దున్నుకునే నేల అని. విగ్రహవాక్యం చెబితే: రేగడి పోకడ గల, బంక దిగిన, చలిచోటి మెత్తనేల. మీ నాయనగారి రేగడి సరిగ్గా వర్టిక్ ఉన్న స్థానంలో, విశేషణంగా కూర్చుంది. ఆయన చేసిన తప్పల్లా విశేషణాన్ని విశేష్యం చేయడమే.

అలాగని ఆ పేరునే అనువదించి వ్యాసమంతా వాడకండి. ఎవరైనా మోలిసోల్‌ను "మృదుమృత్తిక" అంటే, బెట్టకు గడ్డపార దిగని మీ అడుగుపొర నవ్వుతుంది. మోలిస్‌లోని మెత్తదనం పైపొరది మాత్రమే, ఎండినా గట్టిపడదని. వర్గం పేరును తెలుగు లిపిలో అలాగే ఉంచి, ఒక్కసారి విగ్రహవాక్యం చెప్పి వదిలేయండి. అన్నిటికంటే కింది మెట్టయిన సిరీస్ పేర్లనైతే అసలే ముట్టుకోకూడదు. అవి సాధారణంగా ఊళ్ల పేర్లు. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ పొలాల్లోని నల్లరేగడికి కాసిరెడ్డిపల్లి సిరీస్ అని పేరు. దాన్ని ఏ భాషలోకైనా ఎవరు అనువదిస్తారు?

"సమృద్ధ" కూడా తీసేయండి. సమృద్ధి పంటకూ పాడికీ చెల్లుతుంది. బంక సమృద్ధిగా ఉందంటే రైతు నొసలు చిట్లిస్తాడు, అతనికి అది భాగ్యం కాదు. బంక ఎక్కువ అంటే చాలు, లేదా బరువు నేల అనండి. నిజానికి ఘనపుటడుగుకు తూచి చూస్తే ఇసుక నేలే ఎక్కువ తూగుతుంది. బరువు నేలకు కాదు, దాన్ని దున్నే ఎద్దుకు.

నేనైతే మీ మొదటి వాక్యాలు ఇలా రాస్తాను: "ఇది కొండవాలు మీది మేతబీడు. పైన జానెడు నల్లటి గరప. వేళ్లు నిండా అల్లుకుని గుల్లగా ఉంటుంది. కింద గోధుమరంగు బరువు నేల. తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీస్తే 5 సెంటీమీటర్లు దాటినా తెగదు. బెట్టకు నెర్రెలు బారుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని వర్టిక్ ఆర్జిక్రయోల్ అంటారు. అంటే అడుగున రేగడి పోకడ ఉన్న చలిచోటి నేల."

నెర్రెలు అన్నచోట మీరు "పగుళ్లు" అని రాసి ఉంటే దాన్నీ మార్చండి. పగుళ్లు గోడకీ మడమకీ కూడా వస్తాయి. నెర్రె అంటే నేలదే.