అవార్డుల వార్తలు చూసి రెసిడెన్సీ ఎంచుకోవచ్చా?

ప్రశ్న: ఎంబీబీఎస్ పూర్తిచేసి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీకి (ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలో తీసుకునే స్పెషాలిటీ శిక్షణకు) దరఖాస్తు చేద్దామనుకుంటున్నాను. అక్కడి యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లు తమ ఫ్యాకల్టీకి వచ్చిన ప్రమోషన్లు, గ్రాంట్లు, అవార్డుల గురించి ప్రకటించే వార్తలు చదువుతున్నాను. ఎక్కువ అవార్డులున్న చోట శిక్షణ బాగుంటుందనుకోవచ్చా? ఆ వార్తల్ని పర్సనల్ స్టేట్‌మెంట్‌లో వాడుకోవచ్చా?

జవాబు: అవార్డులు లెక్కపెట్టి ప్రోగ్రామ్ ఎంచుకోకండి. అలాగని ఆ వార్తలు చదవడం మానేయకండి. వాటిలో మీకు పనికొచ్చేది ఉంది, కాకపోతే డిపార్ట్‌మెంట్ గొప్పగా చెప్పుకునే చోట కాదు.

ముందుగా ఆ వార్త ఎవరిదో తేల్చుకోండి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక పెద్ద యూనివర్సిటీ ఫ్యామిలీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ కింద రెండు మూడు రెసిడెన్సీలు ఉండొచ్చు: యూనివర్సిటీ ఆసుపత్రిలో ఒకటి, కమ్యూనిటీ ఆసుపత్రిలో మరొకటి, గ్రామీణ ట్రాక్ ఇంకొకటి. మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్లు కేటాయించే ప్రక్రియలో) వాటికి వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. పరిశోధన గ్రాంటు తెచ్చిన ప్రొఫెసర్ మెయిన్ క్యాంపస్‌లో ఉంటే, మీరు మూడేళ్లు గడపబోయే చోటు అక్కడికి గంటన్నర ప్రయాణం కావచ్చు. అందుకే వార్తలో కనిపించిన పేరు మీ ప్రోగ్రామ్ కోర్ ఫ్యాకల్టీ జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ వార్తకు మీ శిక్షణతో సంబంధం తక్కువే.

ఇక ఏ వార్తకు ఎంత విలువ ఇవ్వాలి? ‘బోర్డు సర్టిఫికేషన్ పొందారు, పునరుద్ధరించుకున్నారు’ అన్నది మామూలు అర్హత. ఫ్యామిలీ మెడిసిన్‌ను 1969లో ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించినప్పటి నుంచే ఆ స్పెషాలిటీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు దానికి గడువు పెట్టింది, కాబట్టి దాన్ని నిలబెట్టుకోవడం అందరికీ తప్పని పని. పేరు పక్కన ఎఫ్‌ఏఏఎఫ్‌పీ అని ఉంటే అది అమెరికన్ అకాడెమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ సభ్యులు దరఖాస్తు చేసుకుని పొందే గౌరవం. మంచిదే, అరుదైనది మాత్రం కాదు. పత్రికలు వేసే ‘టాప్ డాక్టర్ల’ జాబితాలకు మీ లెక్కలో సున్నా మార్కులు వేయండి.

ప్రమోషన్లు మాత్రం జాగ్రత్తగా చదవండి. అసిస్టెంట్ నుంచి అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఏటా ఒకరిద్దరికి ప్రమోషన్ వస్తోందంటే మనుషులు అక్కడ నిలబడుతున్నారని అర్థం. మూడేళ్ల వార్తలు వరసగా చదివినా కొత్తగా చేరినవాళ్ల పేర్లే తప్ప ప్రమోషన్ల ఊసే లేదంటే, పాతవాళ్లు ఎటు పోయారో అడగాలి. క్లినీషియన్ ఎడ్యుకేటర్ ట్రాక్‌లో ప్రమోషన్ వచ్చిన వ్యక్తి బోధనను ఆధారంగా చూపి పైకొచ్చినవారు. రెసిడెంట్‌కు రోజూ పక్కన ఉండేది వీళ్లే.

గ్రాంటు వార్త ఒకటి విప్పి చూద్దాం. ‘మా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎన్‌ఐహెచ్ నుంచి కే23 అవార్డు వచ్చింది’ అని ఉందనుకోండి. ఎన్‌ఐహెచ్ అంటే వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ. ఈ గ్రాంటు షరతు ప్రకారం ఆ వ్యక్తి తన పని సమయంలో కనీసం 75 శాతం పరిశోధనకు, పరిశోధకుడిగా ఎదగడానికి కేటాయించాలి. అంటే అయిదు రోజుల వారంలో దాదాపు నాలుగు రోజులు. మీ క్లినిక్‌లో కేసులు చర్చించడానికి మిగిలేది వారంలో ఒక రోజు కన్నా కాస్త ఎక్కువ. పరిశోధన మీ లక్ష్యమైతే ఇది వరం. ప్రొసీజర్లు, ప్రసవాలు నేర్చుకోవడానికి వెళ్తున్నట్లయితే ఆ క్లినిక్ షిఫ్టులు ఇప్పుడు ఎవరు చూస్తున్నారన్నదే మీకు అసలు ప్రశ్న. హెచ్‌ఆర్‌ఎస్‌ఏ (వైద్య సేవలు, సిబ్బంది శిక్షణ చూసే మరో అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంటు వేరు. అది ఎక్కువగా శిక్షణ కోసమే వస్తుంది. అందులోనూ గ్రామీణ రెసిడెన్సీని ‘ప్రణాళిక చేసి నెలకొల్పడానికి’ వచ్చిందంటే ఆ ట్రాక్ ఇంకా రెసిడెంట్లను తీసుకోవడం మొదలుపెట్టకపోయి ఉండొచ్చు. మొదటి బ్యాచ్ ఏ సంవత్సరం, గ్రాంటు అయ్యాక జీతాల డబ్బు ఎక్కణ్నుంచి అన్నవి అడిగి తెలుసుకోండి.

రెసిడెంట్ల పేర్లు కనిపించే వార్తలే అన్నింటికన్నా నమ్మదగినవి. ఎస్‌టీఎఫ్‌ఎం (ఫ్యామిలీ మెడిసిన్ బోధకుల సంఘం), ఎన్‌ఏపీసీఆర్‌జీ (ప్రాథమిక వైద్య పరిశోధకుల సంఘం) సదస్సుల్లో పరిశోధన పోస్టర్ పెట్టారని ఉంటే రచయితల వరస చూడండి. మొదటి పేరు రెసిడెంట్‌దై, చివరి పేరు ఫ్యాకల్టీదైతే అక్కడ చేయి పట్టి నడిపించేవాళ్లున్నారు. ఏటా అదే ఒక్క ఫ్యాకల్టీ పేరు కనిపిస్తుంటే, ఆయన వెళ్లిపోతే ఆ పని ఆగిపోతుందని గుర్తుంచుకోండి. మ్యాచ్ ఫలితాల వార్తలో ‘సీట్లన్నీ నిండాయి’ అన్న మాట వదిలేసి, చేరినవారి మెడికల్ కాలేజీలు చూడండి. వరసగా మూడేళ్లు విదేశీ గ్రాడ్యుయేట్ ఒక్కరూ లేకపోతే మీ దరఖాస్తు డబ్బు మరోచోట పెట్టడం మేలు.

వీడ్కోలు వార్తలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, వాటినీ చదవండి. ఒక ప్రొఫెసర్ రిటైరవడం మామూలే. ఏడాదిలో ప్రోగ్రామ్ డైరెక్టర్ మారి, చైర్ (డిపార్ట్‌మెంట్ అధిపతి) హోదాకు ముందు ‘తాత్కాలిక’ అన్న మాట చేరి, ఇద్దరు ముగ్గురు ఫ్యాకల్టీ తప్పుకుంటే మాత్రం రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ దగ్గర ఆ ప్రోగ్రామ్ గుర్తింపు ఏ స్థితిలో ఉందో వెంటనే చూడండి. కంటిన్యూడ్, ఇనీషియల్, వార్నింగ్‌తో కూడినది, ప్రొబేషన్ అన్న స్థితులు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఇనీషియల్ అంటే కొత్త ప్రోగ్రామ్ అని మాత్రమే, తప్పు జరిగిందని కాదు.

వార్తల్లో అసలు కనిపించని సంగతులు కొన్ని ఉన్నాయి. బోర్డు పరీక్షలో మొదటి ప్రయత్నంలో పాసైనవారి శాతం మూడేళ్లది కలిపి అడగండి. 80కి తగ్గితే కారణం చెప్పమనండి. 2023 నుంచి అమల్లో ఉన్న ఏసీజీఎంఈ నిబంధనల ప్రకారం రెసిడెంట్ తన సొంత ఫ్యామిలీ మెడిసిన్ క్లినిక్ రోగులకు కనీసం 1,000 గంటలు వైద్యం చేయాలి, కనీసం ఆరు నెలలు ఎలెక్టివ్‌లు (రెసిడెంట్ తానే ఎంచుకునే విభాగాల్లో శిక్షణ) ఉండాలి. ప్రసవాలు స్వతంత్రంగా చేయాలనుకునేవారికి 80 ప్రసవాల అనుభవం కావాలి. మాతృ సంరక్షణలో అవార్డు వచ్చిన డిపార్ట్‌మెంట్‌లోనూ కిందటేడు బయటికెళ్లిన రెసిడెంట్లలో ఎంతమంది ఆ 80 అందుకున్నారో అడగందే తెలియదు.

ఇప్పుడు వాడుకోవడం సంగతి. ఫ్యామిలీ మెడిసిన్‌కు ఈరాస్‌లో (రెసిడెన్సీలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే వ్యవస్థలో) మీ ప్రత్యేక ఆసక్తి తెలిపే సిగ్నల్స్ అయిదే. పైన చెప్పిన వడపోత అంతా ఆ అయిదూ ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చుకోవడానికి. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ‘మీ ప్రొఫెసర్‌గారికి అవార్డు వచ్చినందుకు సంతోషం’ తరహా వాక్యాలు వద్దు, చదివేవాళ్లకు అవి పొగడ్తలే. మీరు చేసిన పనికి, వాళ్లు చేస్తున్న పనికి నిజంగా కలిసే చోటు ఉంటే ఒక్క వాక్యం చాలు. ఉదాహరణకు, ‘మధుమేహ రోగుల పాదాల పరీక్షపై ఇంటర్న్‌షిప్‌లో ఆడిట్ చేశాను, మీ క్లినిక్‌లో అదే సమస్యపై జరుగుతున్న నాణ్యత మెరుగుదల ప్రాజెక్టులో చేరాలని ఉంది’ అనొచ్చు. ఈరాస్‌లో ఒకటికి మించి స్టేట్‌మెంట్లు పెట్టి ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కోటి కేటాయించవచ్చు. ప్రమాదమూ అందులోనే ఉంది: ఒక ప్రోగ్రామ్ పేరున్న స్టేట్‌మెంట్ పొరపాటున మరో ప్రోగ్రామ్‌కు వెళ్లిందంటే అక్కడితో సరి. కాబట్టి పేరుతో రాసేది సిగ్నల్ పంపే అయిదింటికే, మిగతావాటన్నిటికీ పేరు లేని స్టేట్‌మెంట్ ఒక్కటే.

అబ్జర్వర్‌షిప్ (కొన్నాళ్లు అక్కడ ఉండి వారి పని గమనించే అవకాశం) కోసం ఫ్యాకల్టీకి మెయిల్ రాస్తే అయిదారు వాక్యాలు దాటనివ్వకండి. మీరెవరు, వారి ఏ పని చదివారు, అందులో మీకొచ్చిన ఒక ప్రశ్న, ఏ తేదీల్లో రాగలరు. రెండు వారాల్లో జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. గ్రాంటు కొత్తగా వచ్చినవారికన్నా ఈమధ్యే బోధనలో అవార్డు అందుకున్నవారు జవాబిచ్చే అవకాశం ఎక్కువ.

ఒక హెచ్చరిక వీసా గురించి. పాత వార్తల్లో హెచ్1బీ మీద చేరిన రెసిడెంట్లు కనిపించినా ఇప్పుడూ ఇస్తారనుకోకండి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. పైగా రెసిడెన్సీకి ఆ వీసా కావాలంటే అమెరికా మెడికల్ లైసెన్సు పరీక్షలో చివరిదైన స్టెప్ 3 ముందే పాసై ఉండాలి. విదేశీ వైద్య పట్టభద్రుల అర్హతలు ధ్రువీకరించే ఈసీఎఫ్‌ఎంజీ స్పాన్సర్ చేసే జే1 వీసా అయితే స్టెప్ 3 అక్కర్లేదు, కానీ శిక్షణ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా మినహాయింపు తెచ్చుకోవాలి. సిగ్నల్ పంపేముందే ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు ఒక వాక్యం మెయిల్ పెట్టి, ఈ ఏడాది ఏ వీసా ఇస్తున్నారో రాతపూర్వకంగా తెప్పించుకోండి.